జలుబు దాచిన బిడ్డ

పుత్తూరు కల్యాణమండపం ముందు మా ట్రక్కు ఆగేసరికి పొద్దున ఆరు. చలి. సన్నగా తుంపర. మత్తు యంత్రం, ఆక్సిజన్ సిలిండర్లు, కఫం లాగే మిషన్ దించుకున్నాం. గ్రహణమొర్రి పిల్లలకు ఉచిత ఆపరేషన్ల శిబిరానికి మిలిటరీ తరఫున వచ్చాం. నేనప్పుడు మత్తు డాక్టరుకు సహాయకుణ్ణి. డాక్టరు మా మేజర్ మేడమ్, నెల్లూరు మనిషి. సరిహద్దులో ఏం చూశావని మీరంతా అడుగుతుంటారు. నేను మరిచిపోలేనిది మాత్రం ఇక్కడే, మన జిల్లాలోనే చూశాను.

మొదటి బిడ్డ రెండేళ్ల ఆడపిల్ల. ఆపరేషన్ బాగా జరగాలని మొక్కు. ముందురోజే కొండమీద గుండు కొట్టించి, తెల్లవారుజామున చన్నీళ్లు పోసి తెచ్చారు. గుండుకు మళ్లీ గంధం పూశారు.

"జలుబు, దగ్గు ఏమైనా ఉన్నాయామ్మా?" ఛాతీ విని మేడమ్ అడిగారు.

"లేదు మేడమ్. బాగుండాది," అంది తల్లి, నేలచూపులు చూస్తూ.

మేడమ్ మళ్లీ అడిగారు. అదే జవాబు. జలుబున్న పిల్లలకు మత్తిస్తే ఉన్నట్టుండి గొంతు బిగుసుకుపోతుంది. గాలి లోపలికి పోదు. అందుకే అన్నిసార్లు అడగడం.

శిబిరం నడిపేవాడు తెల్లచొక్కాలో తిరుగుతున్నాడు. వాడి వాకీటాకీ గరగరలాడింది. నావైపు తిరిగి, "మా లీడరన్న నగరి దాటినాడప్పా. ఫోటోకి బిడ్డని పండబెట్టండి," అన్నాడు.

పక్కగదిలో బల్లమీద పడుకోబెట్టి మత్తు మాస్కు పెట్టాం. బిడ్డ ఏడ్చి సద్దుమణిగింది. కీచుమని ఒక శబ్దం. తర్వాత అదీ లేదు. గాలి బ్యాగు నొక్కితే రాయిలా ఉంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గి మానిటర్ కూత దిగిపోతోంది. పచ్చటి గంధం కింద ఆ చీలిన పెదవి నేరేడు పండు రంగుకు తిరిగింది.

"దవడ ఎత్తి పట్టు. కఫం లాగు."

చిక్కటి కఫం వచ్చింది. గొంతు వదలలేదు.

"సూది."

కండరాలు సడలించే మందు అందించాను. బ్యాగు మెత్తబడింది. ఛాతీ లేచింది. మేడమ్ ఆపరేషన్ ఆపేశారు. బిడ్డ మేలుకుని ఏడ్చింది.

తల్లి మేడమ్ కాళ్ల దగ్గర కూలబడింది. "జలుబుందంటే ఎనక్కి పంపిస్తారు, మళ్లా పిలవరు అన్నాడు మేడమ్ ఆ తెల్లచొక్కా అన్న. సిరప్ తాపి, ముక్కు తుడిసి తెమ్మన్నాడు."

వాడు అక్కడే ఉన్నాడు. సిగ్గులేదు.

"ఇప్పుడు బాగుండాది గదా మేడమ్. లీడరన్న వాకిట్లో ఉండాడు. ఇంకో బిడ్డని పండబెట్టండి."

థూ. వాడి మొహాన ఉమ్మేసేవాణ్ణే. ఒంటిమీద యూనిఫాం ఆపింది.

మేడమ్ మిగతా తల్లులు కూర్చున్న హాల్లోకి నడిచారు. "జలుబు తగ్గినాక మేమే మళ్లీ వచ్చి చేస్తాం. ఎవరి పేరూ కొట్టెయ్యం. దాచొద్దమ్మా."

ఒక తల్లి బిడ్డ నోటికి అదిమిన కొంగు తీసింది. ఇంకొకామె తీసింది. హాలంతా దగ్గులు.

లీడరన్న ఆ దగ్గుల మధ్యే పండ్లు పంచి, ఫోటో దిగి పోయాడు. దగ్గు లేని ముగ్గురికే ఆపరేషన్ చేసి సాయంత్రం ట్రక్కెక్కాం. చెప్పినట్టే మళ్లీ వచ్చాం. ఆ పాప పెదవి చక్కగా కలిసింది.

రిటైరై ఇంటికొచ్చేశాను. తిరుపతి బస్టాండులో గంధం గుండుతో పసిబిడ్డ కనబడితే ఇప్పటికీ కాళ్లు ఆగిపోతాయి. ముందు పెదవులు చూస్తాను. ఎర్రగా ఉన్నాయని చూసుకున్నాకే బస్సెక్కుతాను.