పిలాస్మ సారు

నిజామాబాద్‌లో నన్ను చాలా ఏళ్లు అసలు పేరుతో ఎవరూ పిలవలేదు. రిక్షావాళ్లకు, కాలేజీ ముందు చాయ్ హోటల్ సాయబుకు, ఆఖరికి కూరగాయలమ్మే ఆవిడకు కూడా నేను 'పిలాస్మ సారు'నే. ప్లాస్మా అనడానికి నోరు తిరగక మా అటెండర్ పెట్టిన పేరది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగాక, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే వినపడనట్టు పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ని.

అరవైల చివరి రోజులవి. కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌ని. పొద్దున పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించడం, మధ్యాహ్నం నా పరిశోధన. హైదరాబాద్‌లో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన నాకు గైడు. నా పని చెప్పుకోవడానికి చాలా సులువు. ఒక గాజు గొట్టం తీసుకోవాలి. పంపు పెట్టి దాంట్లోని గాలిని లాగెయ్యాలి. మిగిలిన కాస్త గాలికి రెండు చివరల నుంచీ గట్టి కరెంటు ఇవ్వాలి. అప్పుడు ఆ గాలి తునకలైపోయి గులాబీ రంగులో వెలుగుతుంది. అలా వెలిగే గాలి పేరే ప్లాస్మా. అది ఎంత ఒత్తిడి దగ్గర వెలుగుతుంది, ఎక్కడ మినుకుమంటుంది, ఎందుకు ఆరిపోతుంది అనేదే నా థీసిస్.

చెప్పుకోవడమే సులువు. ఆ పంపుతో నా తల ప్రాణం తోకకు వచ్చేది. గొట్టం అతుకుల్లోంచి గాలి దూరేది. లక్క గాజులు చేసేవాళ్ల దగ్గర లక్క కొనుక్కొచ్చి, కరిగించి, అతుకులకు పూసేవాణ్ని. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకునేది. అదీ ఇదీ సరిపోయిన రోజున కరెంటు ఏడిచేది. ఊరి చుట్టూ బావుల మీద మోటార్లు ఒక్కసారి మొదలయ్యాయంటే మా ల్యాబులో బల్బు కూడా ఎర్రగా గుడ్లు తేలేసేది. ఇంక గొట్టం ఏం వెలుగుతుంది, నా మొహం!

గైడుగారిది ఇంకో పద్ధతి. గొట్టంలో వెలిగించబోయే ముందు కాగితం మీద వెలిగించాలనేవారు. అంటే గొట్టాన్ని గళ్ల కాగితం మీద గీసి, ఒక్కో గడిలో కరెంటు ఒత్తిడి ఎంత ఉంటుందో చుట్టుపక్కల గళ్లను బట్టి లెక్కగట్టి, పెన్సిలుతో నింపి, తుడిచి, మళ్లీ నింపి చూడాలి. ఇప్పుడు కంప్యూటర్ క్షణంలో చేసి పారేసే పని అది. నేను వేళ్లు నొప్పులు పుట్టేదాకా చేసేవాణ్ని. కాగితం మీద మాత్రం నా ప్లాస్మా ఏ రోజూ మొండికెయ్యలేదు. అక్కడ లక్క అక్కర్లేదు, మోటార్లు లేవు.

మా అటెండర్‌కు నా గొట్టమంటే నాకంటే ఎక్కువ గర్వం. చాయ్ హోటల్లో కూర్చుని "మా సారు పిలాస్మ తయారు చేస్తడు. గాజు గొట్టంల. ఎర్రగ వస్తది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేనూ వద్దనలేదు. అందులో వద్దనడానికి ఏముందని?

చెరుకు కొట్టే రోజులు. బోధన్ రోడ్డంతా ఎడ్లబండ్లు. ఒకనాటి పొద్దున నేను అతుకులకు లక్క పూస్తూ ఉంటే అటెండర్ ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చాడు. తెల్లచీర, కాళ్లకు చెప్పుల్లేవు, సంకలో తువ్వాలులో చుట్టిన మూట.

"సారూ, పిలాస్మ సేసేది నువ్వేనా?" అంది.

నవ్వొచ్చింది నాకు. "నేనేనవ్వా, ఏం పని?" అన్నాను.

ఆమె మూట విప్పింది. అందులో ఒక గాజు సీసా. తళతళా కడిగి ఉంది. బిగుతుగా బిరడా. రెండు చేతులతో నా ముందుకు చాచింది.

"గిండ్ల జెర పొయ్యి సారూ. మా పెద్దపోరడు కాలిండు."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకొచ్చింది. వాళ్లది ఎడపల్లి. క్రైస్తవులు. కొడుకు చెరుకు కొట్టేవాడు, ఆదివారం చర్చిలో ఢోలక్ వాయించేవాడు. నిన్న ఎవరి చేనులోనో బెల్లం వండుతుంటే పొయ్యి మీది నుంచి పాకం కాగుతున్న పెద్ద పెనం దించబోయారట. ఒకవైపు పట్టు జారింది. మరిగే పాకం మెడ నుంచి తొడల దాకా వాడి మీద పడింది. బండిలో వేసుకుని నిజామాబాద్ దవాఖానకు తెచ్చారు.

"డాక్టర్ సారు పిలాస్మ ఎక్కియ్యాలె అన్నడు. ఈడ లేదు, పట్నంల ఉంటది అన్నడు. నేను బయటికొచ్చి ఏడుస్తుంటె చాయ్ హోటల్ సాయబు సెప్పిండు. పట్నం దాక ఎందుకవ్వా, కాలేజీల సారు తయారు సేస్తడు గద అని. సీస మంచిదే సారూ. ప్రార్థనకు దవాఖానకొచ్చిన పాస్టరమ్మ ఇచ్చింది. సర్చిల ప్రభువు బల్లకు ద్రాక్ష రసం పోస్తరు గద, గదే. ఇంకోటి ఏది పొయ్యలే గిండ్ల."

రక్తంలోనూ ప్లాస్మా అని ఒకటి ఉందని నాకు తెలియక కాదు. ఎవరో అమెరికా శాస్త్రవేత్త రక్తంలో ఉన్నదాన్ని తలుచుకునే ఈ వెలిగే గాలికి ఆ పేరు పెట్టాడని చదువుకున్నాను కూడా. ఆ నిమిషాన ఆ మహానుభావుణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నీకు ఇంకో పేరే దొరకలేదా నాయనా!

"అవ్వా, అది వేరు, ఇది వేరు. పేరొక్కటే. ఇది ఉత్త గాలి" అన్నాను.

"గాలిని సీసల పెట్టుకోని ఏం సేస్తవు సారూ?" అంది. మళ్లీ తనే, "మేం ఏం ఇచ్చుకోలేమనా? కూలి సేసి తీరుస్త సారూ. నీ ఇంట్ల పని సేస్త."

ఎంత చెప్పినా ఆమెకు అదొక్కటే వినపడుతోంది, సారు ఇవ్వనంటున్నాడని. నాకు ఓపిక తక్కువ. కళ్లతో చూస్తేనైనా తెలుస్తుంది, అందులో తడి అన్నదే లేదని చూపిద్దామనిపించింది. పంపు వేశాను. గొట్టంలో గాలి తగ్గేదాకా ఆగాను. కరెంటు పెంచే పిడి తిప్పాను.

ఎన్నడూ మాట వినని గొట్టం ఆ రోజు చక్కగా వెలిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా, నిలకడగా.

"అగో!" అంది అవ్వ. "నెత్తురు తీరుగనే ఉన్నది గద సారూ! లేదంటవేంది?" చేతులు జోడించింది. "ప్రభువా, సూసినవా, నా బిడ్డ మందు సూసినవా" అని గొట్టం ముందే ప్రార్థన మొదలుపెట్టింది.

గభాలున కరెంటు ఆపేశాను. ఎరుపు పోయింది. "అయ్యో, ఎందుకార్పితివి సారూ!" అని ఆమె కేకేసింది. "అవ్వా, చూడు, ఏమైనా మిగిలిందా అందులో? చుక్కైనా ఉందా? కరెంటు పోతే అది లేదు. పోయడానికి రాదు" అని నేను అరుస్తున్నాను. ఆమె గొట్టంలోకి వంగి చూసింది. నిజంగానే ఏమీ లేదు. నా వైపు తిరిగింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం లేదు అందులో. లెక్కలు రాని పిల్లలు బోర్డు వైపు చూసినట్టు చూసింది.

అప్పుడు మా అటెండర్, పాపం, మంచికే పోయాడు. "ఇంక తయారు గాలేదవ్వా. అయితలేదనే సారు పరేశాన్ అయితుండు" అన్నాడు.

ఆమె మొహం తేటపడింది. అంతసేపూ నేను చెప్పినదానిలో ఆమెకు అర్థమైన మాట అదొక్కటే. "గట్ల సెప్పొద్దా మరి" అని, సీసాను తువ్వాలుతో సహా కిటికీలో పెట్టింది. "అయినంక గిండ్ల పొయ్యి సారూ" అంది.

అటెండర్‌ను పక్కకు లాగి విరుచుకుపడ్డాను. "ఏం జెప్పాలె మరి సార్, మీరే చెప్పుండ్రి" అన్నాడు.

అవ్వ వెంట దవాఖానకు వెళ్లాను. డాక్టర్ కుర్రవాడు, నా వయసే ఉంటుంది. సంగతి చెబితే మొదట నవ్వాడు, అంతలోనే నవ్వు ఆపేసుకున్నాడు. అంతగా కాలిన ఒంట్లోంచి రక్తంలోని నీరు ఊరిపోతూనే ఉంటుందని, ఉప్పునీళ్లు ఎక్కిస్తున్నా నిలవడం లేదని, ప్లాస్మా అయితే నిలుస్తుందని చెప్పాడు. ఆ ప్లాస్మా ఎరుపు కూడా కాదట, ఎండుగడ్డి రంగట. ఇద్దరం వరండాలో నిలబడి ఒకే మాట గురించి మాట్లాడుకుంటున్నాం, ఇద్దరి దగ్గరా అది లేదు. లోపల మంచం మీద తెల్లగుడ్డ కింద అవ్వ కొడుకు వణుకుతున్నాడు. పక్కన కూర్చున్న పెళ్లాం నన్ను చూసి ఆశగా లేచి నిలబడింది. పిలాస్మ సారు వచ్చాడని ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు.

పోస్టాఫీసుకు పరుగెత్తి హైదరాబాద్‌కు ట్రంకాల్ బుక్ చేశాను. లైను దొరికేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గరగరల మధ్య గైడుగారి గొంతు.

"సార్, ప్లాస్మా కావాలి!" అని అరిచాను.

"వచ్చిందా? శభాష్! ప్రెషర్ ఎంత?"

"అది కాదు సార్! మనిషి కాలిపోయాడు!"

"ఎవరు? నువ్వా? ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకున్నావా?"

పోస్టాఫీసులో అందరూ నన్నే చూస్తున్నారు. ఏడుపొచ్చింది నాకు. గొంతు చించుకుని మొదటి నుంచీ చెప్పాను. ఆయన మెల్లగా, "తెలిసిన డాక్టర్ ఉన్నాడు, అడుగుతాను. ఇక్కడి నుంచి పంపడం కష్టం. మనిషి రావాలి" అన్నారు.

నేనే వెళ్తానన్నాను. దవాఖానలో ప్లాస్మా కోసం చీటీ రాయించుకుని, టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. బండి రాలేదు. పట్టాల వైపు చూడటం, గడియారం వైపు చూడటం. ఎప్పుడు వెళ్తుంది, ఎప్పుడు తిరిగొస్తాను, మనసులో గళ్లు గీసి లెక్కలు కడుతున్నాను. అన్ని గళ్లూ నింపాను. లెక్కలో ఆ పిల్లవాడు బతికాడు కూడా.

బండి కంటే ముందు అటెండర్ వచ్చాడు, సైకిల్ మీద. స్టాండు వెయ్యకుండానే దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"టికెట్ వాపస్ ఇయ్యుండ్రి సార్" అన్నాడు.

ఇద్దరం సైకిల్ నడిపించుకుంటూ వచ్చేశాం.

ఆ ఎండాకాలం హైదరాబాద్ వెళ్లి, సబ్జెక్టు మార్చమని గైడుగారిని బతిమాలాను. ఆయన కారణం అడగలేదు. గోరంత జర్మేనియం ముక్క చేతిలో పెట్టి సెమీకండక్టర్ల మీద పని చేసుకోమన్నారు. నా థీసిస్ దాని మీదే వచ్చింది. కరెంటును సగం సగం పోనిచ్చే ఆ రాతిముక్కను అడగడానికి ఎవరూ సీసా పట్టుకుని రారు. అయితే నేను ప్లాస్మాను వదిలేసింది ఆ పిల్లవాడు పోయిన రోజున కాదు. ఆ తర్వాత కూడా లక్క పూస్తూనే ఉన్నాను. నెల తిరక్కముందే అవ్వ మళ్లీ వచ్చింది.

ఈసారి అటెండర్ లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సీసా కోసం వచ్చిందనుకుని కిటికీలోంచి తీసి ఇవ్వబోయాను.

"సీస కోసం రాలే సారూ. పాస్టరమ్మకు సెప్పిన, అది ఈడనే ఉంటదని." కింద కూర్చుంది. కోడలు పుట్టింటికి పోయిందని, ఢోలక్ ఇప్పుడు ఎవరూ వాయించడం లేదని చెప్పింది. తర్వాత గొట్టం వైపు చూసింది. "అయ్యిందా సారూ?"

అది మందు కాదు, ఎన్నటికీ కాదు, నీ కొడుకు బతికే దారి ఈ గదిలో ఏ రోజూ లేదు అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆమె మొహం చూశాక పంపు వైపు తిరిగాను.

"ఒక్కపారి ఎలిగియ్యి సారూ. సూసి పోత."

పంపు వేశాను. పిడి తిప్పాను. బావుల మోటార్లు నడుస్తున్న వేళ, మీటర్ సూది పైకి లేవడం లేదు. ఇంకా తిప్పాను, చివరిదాకా తిప్పాను. గొట్టం వెలగలేదు. చెమటలు పడుతున్నాయి. లక్క మీద లక్క పూశాను, వైర్లు కదిపాను, మళ్లీ తిప్పాను. అవ్వ చాలాసేపు చూసింది. లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

"పరేశాన్ గాకు బిడ్డా," అంది. "గింత కష్టపడుతున్నవ్, ఎప్పటికన్న అయితది. అయినంక గిండ్ల పొయ్యి. ఎవల పోరడన్న బతుకుతడు."

తువ్వాలు మాత్రం దులిపి భుజాన వేసుకుంది. సీసాను కిటికీలో ఎప్పటిచోటనే పెట్టి, బిరడా బిగుతుగా ఉందో లేదో చూసి వెళ్లిపోయింది.