గోడ గడియారానికి అంకెలు

మైసూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన నంజుండయ్య, ఉపగ్రహం నుంచి సమయం అందుకునే గోడ గడియారం సొంతంగా తయారుచేశాడు. రెప్పపాటు తేడా కూడా రాదు. అది చేసినన్నాళ్లూ రాని నీరసం, దానికి అంకెల పలక ఎంచుకునే దగ్గర ముంచుకొచ్చింది.

నీలం అంకెలు పెడితే, పట్టుమిల్లులో పనిచేసే భార్య పుట్టగౌరి కళ్లలో పొడుస్తున్నాయంది. బూడిదరంగువి పెడితే వంటింట్లోంచి కనబడవంది. సెకనులో నూరోవంతు కూడా చూపించే పలక ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నది.

"ఆ గెంతులేమిటండీ? అన్నం తింటుంటే కళ్లు తిరుగుతున్నాయి, తీసేయండి" అంది.

విసిగిపోయి, గంటలూ నిమిషాలూ మాత్రమే చూపే పెద్ద ఎర్ర అంకెలు బిగించాడు. పుట్టగౌరి దాన్నీ, పక్కనున్న పాత గడియారాన్నీ మార్చి మార్చి చూసింది.

"అంకెలు బాగానే ఉన్నాయి గానీ, ఇది పది నిమిషాలు వెనకుందండీ."

"పాతదే ముందుంది. మిల్లు బస్సు తప్పిపోకూడదని నువ్వే కదా అలా పెట్టావు!"

"మరి దీన్నీ అలాగే పెట్టండి. బస్సు తప్పితే మీరు మోసుకెళ్తారా?"

వాదించే ఓపిక లేదు. నంజుండయ్య మళ్లీ స్టూలెక్కాడు. ఆనాటి నుంచీ ఆ గడియారం రెప్పపాటు తేడా కూడా లేకుండా, సరిగ్గా పది నిమిషాలు తప్పు చూపిస్తోంది.