మట్ట అంటే ఏ చేప

ఒక చేప పేరును తొమ్మిదేళ్లుగా దాచుకుని తిరుగుతున్నాను. మీకు నవ్వు రావచ్చు. ఆ పేరు వల్ల ఒక మనిషి చదువు ఆగిపోయింది.

మాది గౌలిపురలో పాలమ్ముకునే ఇల్లు. పదో తరగతితో బడి మానేశాను కానీ గ్రంథాలయం మానలేదు. చేపల గురించి తెలుగులో దొరికిన ప్రతి పుస్తకం చదివాను. ఆ చదువు చూసే ఒక కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబులో అటెండరుగా తీసుకున్నారని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి మేనమామ సిఫారసు. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్నా గొప్పలే ముందొస్తున్నాయి.

అక్కడ నస్రీన్ మేడమ్ పీహెచ్‌డీ కోసం పరిశోధన చేసేవారు. మంచినీటి చేపల రక్తంలో బతికే పరాన్నజీవులను గుర్తించడం ఆమె పని. బతికున్న చేప నుంచి చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పలచగా పరిచి, ఆరాక రంగు వేసి చూడాలి. ఎర్రకణాల మధ్య ఊదారంగులో సన్నటి ప్రాణి ఒకటి మెలిక తిరిగి కనిపిస్తుంది. అది కొత్తదో కాదో తేల్చాలంటే దాని ఆకారంతో పాటు ఏ చేపలో దొరికిందో కూడా తెలియాలి. ఇవన్నీ ఆమే నాకు నేర్పారు. "భాయ్" అని పిలిచేవారు. నాతో అంతసేపు కూర్చుని మాట్లాడినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు.

ఒక వారం ఆమెకు జ్వరం. మలక్‌పేటలో చేపలమ్మే యాదమ్మ దగ్గరికి నేనే వెళ్లాను. "మట్ట పిల్లలు, తీస్కపో" అంది. మట్ట అంటే నా పుస్తకాల్లోని మట్టగిడస అనే చిన్న చేపే అనుకున్నాను. రక్తం తీశాను, పలకల మీద ఆ పేరే రాశాను, చేపలను పక్కింటివాళ్లకు ఇచ్చేశాను.

మేడమ్ తిరిగొచ్చి ఆ పలకలు చూశారు. స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. అటువంటి జీవిని మట్టగిడసలో ఎవరూ చూడలేదట. "కొత్తది భాయ్, కొత్తది!"

నెల తర్వాత యాదమ్మను మట్టగిడసలు అడిగాను. పకపకా నవ్వింది. "గదేంది సారూ? మేం కొర్రమట్టనే మట్ట అంటం. మొన్న నువ్వు కొంటవోయినయి దాని పిల్లలే. పుస్తకాలు మస్తు చదువుతవ్, చేప మొకం సూడవా?"

ఆ రోజే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఆమె సంతోషం పాడుచేయడం ఇష్టం లేక అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. చేపలమ్మే ఆవిడకు తెలిసింది నాకు తెలియలేదని బయటపడుతుంది, అంతే.

మేడమ్ ఆ జీవి కోసం ఏడాదిపాటు చెరువు చెరువూ తిరిగి మట్టగిడసలు తెప్పించారు. ఒక్కదాంట్లోనూ అది లేదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు.

"సచ్ చెప్పు భాయ్, అవి మట్టగిడసలేనా?"

"అవును మేడమ్. ఒంటి మీద చుక్కలు గూడ చూసిన."

చుక్కలు నేను చూసింది పుస్తకంలో. అంతవరకు నాది పొరపాటు. ఆ మాటతో అది తప్పయింది.

చివరికి బయటి నుంచి పరీక్షకుడు వచ్చాడు. పలక చూసి, ఇది కొర్రమట్టలో ఎప్పుడో కనిపెట్టిందే, కొత్తది అనిపించుకోవడానికి చేప పేరు మార్చావా అని మేడమ్‌ను అడిగాడు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆమె తల ఎత్తి, "మా భాయ్ తప్పు రాయడు సార్" అన్నారు.

కప్పులు బల్ల మీద పెట్టాను. బయటికి వచ్చేశాను.

నెల తిరక్కుండా ఆమె పరిశోధన వదిలేశారు. పోతూ పోతూ తన పుస్తకాలు నాకిచ్చారు. నేను తీసుకున్నాను. ఎలా తీసుకున్నాను? ఆమె ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. తెలుసుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదన్నదీ నిజమే. నేను ఇంకా ఆ ల్యాబులోనే ఉన్నాను, నాతో ఎవరూ పెద్దగా మాట్లాడరు. సాయంత్రాలు గ్రంథాలయం మూసేదాకా కూర్చుంటాను. చదివింది చెప్పుకోవడానికి మనిషి లేడు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. కానీ ఇంతవరకు ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మనం ఇద్దరం.