స్విచ్ దగ్గర మనిషి

సామర్లకోట బస్టాండులో నిలబడి "సత్తిబాబూ!" అని ఒక్క కేక వేస్తే కనీసం నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. అన్నవరం దేవుడి పేరు పెట్టుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల వెతికినా దొరకదు మరి. మన సత్తిబాబు పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఏళ్లు నలభై రెండు. ఊరి శివార్లలోని బాయిల్డ్ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఇంతటి మనిషి నిరుడు జూన్‌లో చిన్నకూతురి పాత స్కూలు బ్యాగు దులిపి భుజాన తగిలించుకుని, రాజమహేంద్రవరంలో ఒక యూనివర్సిటీలో విద్యార్థిగా చేరాడు. ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా. ఏడాది చదువు, శని ఆదివారాల్లో క్లాసులు.

ఊళ్లో వేళాకోళానికి లోటేముంది? "కూతురూ నువ్వూ ఒకే బెంచీలో కూచుని రాస్తారేంటి పరీక్ష?" అన్నవాళ్లున్నారు. "సేఫ్టీ అంటే ఏంటి, వాచ్‌మన్ ఉద్యోగమా?" అని అడిగినవాళ్లున్నారు. ఫ్యాక్టరీల్లో మనుషులకు దెబ్బలు తగలకుండా చూసే చదువని చెబితే, "తగలాలని రాసిపెట్టి ఉంటే నువ్వాపుతావా?" అని నవ్వేవారు. సత్తిబాబు కూడా నవ్వేసి ఊరుకునేవాడు. ఈ వయసులో ఈ చదువు ఎందుకు ఎత్తుకున్నాడో ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

క్లాసులో పాఠం చెప్పేది శ్రీసుధ గారు. అమలాపురం వైపు మనిషి, సత్తిబాబు కంటే పదేళ్లు చిన్న. మాట మెత్తన, ప్రశ్న మాత్రం పదును. మొదటి రోజే అందరికీ తలొక కాగితం ఇచ్చి, "ఈ గదిలో ఎవరికి ఏ దెబ్బ తగలొచ్చో చూసి రాయండి. ఇంకా జరగనివే రాయాలి" అన్నారు.

కుర్రాళ్లు గబగబా రాసేశారు. వైరు తెగి ఉంది, షాక్ కొట్టొచ్చు. నేల తడిగా ఉంది, జారిపడొచ్చు. సత్తిబాబు తలెత్తి చూశాడు. సరిగ్గా అతని నెత్తిమీదే ఫ్యాను అటూ ఇటూ ఊగుతూ తిరుగుతోంది. ఫ్యాను ఊడి పడవచ్చు అని రాయాలి. పెన్ను కాగితం దాకా వెళ్లి ఆగిపోయింది. దాని కిందే కూర్చుని ఆ మాట ఎలా రాస్తాడు!

"ఏమండీ సత్యనారాయణ గారూ, ఖాళీగా ఉంచేశారు?"

"అంటే... పైన తథాస్తు దేవతలుంటారు కదండీ."

క్లాసంతా గొల్లుమంది. శ్రీసుధ గారు మాత్రం నవ్వలేదు. "మా ఇంట్లోనూ అంతేనండి. ప్రయాణమప్పుడు బస్సుకి బ్రేకులు బాగున్నాయా అని అడిగితే మా నాయనమ్మ నోటిమీద కొట్టేది. కానీ మనం నోరు మూసుకున్నామని మిషను ఊరుకోదండి. దేవతలు వింటారని భయపడి పక్కనున్న మనిషికి చెప్పకపోతే ఎలాగ?"

ఆవిడ మామూలుగానే అన్నారు. సత్తిబాబుకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. తథాస్తు దేవతల పేరు చెప్పి ఒక మనిషి నోరు మూయించినవాడు అతనే. ఆ మనిషి సామ్యేలు.

సామ్యేలూ సత్తిబాబూ కాకినాడలో పాలిటెక్నిక్ కలిసి చదివారు. ఒకే సైకిలు మీద స్టేషనుకు వెళ్లేవారు, ఒకే క్యారేజీలోంచి తినేవారు. ఒకే మిల్లులో చేరారు. సత్తిబాబుకు మనుషుల చేత పని చేయించడం వచ్చు, సూపర్‌వైజరు అయ్యాడు. సామ్యేలుకు మిషన్లంటే ప్రాణం, ఫిట్టరుగానే ఉండిపోయాడు. హోదాలో తేడా వచ్చినా వాళ్లిద్దరి మధ్య "ఒరే" పోలేదు. క్రిస్మస్‌కు సామ్యేలు ఇంటి కేకు ఇక్కడికి వచ్చేది, వినాయకచవితికి ఇక్కడి ఉండ్రాళ్లు అక్కడికి వెళ్లేవి.

ఎనిమిదేళ్ల కిందట, రెండో పంట దాళ్వా ధాన్యం మిల్లును ముంచెత్తుతున్న మే నెలలో, ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ అడుగున బిగుసుకుపోయింది. ఫిట్టరు గోతిలోకి దిగి, లోపల చెయ్యి పెట్టి తీయాలి. మోటారు స్విచ్ అవతలి గదిలో ఉంటుంది. అక్కడ ఉండాల్సింది సత్తిబాబు.

దిగబోతూ సామ్యేలు, "ఒరే, నేను లోపలుండగా ఎవరైనా మర్చిపోయి స్విచ్ వేసేస్తే?" అన్నాడు.

"శుభం పలకరా మంకెన్నా అంటే నీలాంటోడే ఏదో అన్నాట్ట. పైన తథాస్తు దేవతలుంటార్రా. నోర్మూసుకుని దిగు" అన్నాడు సత్తిబాబు. నవ్వుతూనే అన్నాడు.

బయట లారీలు వరుస కట్టాయి. యజమాని రెండుసార్లు కేకేశాడు. సత్తిబాబు కాటా దగ్గరికి పరుగెత్తి, ఒక లారీ తూకం చూసి వచ్చేసరికి పావుగంట అయింది. మూడో కేక వినిపించింది. సామ్యేలు ఈపాటికి పైకి వచ్చేసి ఉంటాడనుకున్నాడు. వచ్చాడో లేదో నాలుగడుగులు వేసి చూడలేదు. స్విచ్ వేశాడు.

సామ్యేలు కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. రిపోర్టులో "కార్మికుడి నిర్లక్ష్యం" అని రాశారు. కింద సాక్షి సంతకం సత్తిబాబుది. "ఆస్పత్రికి వెళ్లకు, నోరు జారతావు" అన్నాడు యజమాని. నిజం చెప్పాలంటే యజమాని అనకపోయినా వెళ్లేవాడు కాదు, ఆ మొహం చూసే ధైర్యం లేదు. ఇవాళ కాదు రేపు వెళ్దాంలే అనుకున్నాడు. ఆ రేపటికి ఎనిమిదేళ్లు పట్టింది. సామ్యేలు భార్య ఊరైన కడియం వెళ్లిపోయాడనీ, అక్కడొక నర్సరీలో లారీలకు మొక్కలెక్కించే పని చూసుకుంటున్నాడనీ ఎవరో చెబితే తెలిసింది.

సామర్లకోట నుంచి రాజమండ్రి వెళ్లే ప్యాసింజరు కడియంలో ఆగుతుంది. ప్రతి శనివారం ద్వారపూడి దాటగానే సత్తిబాబు బ్యాగు ఒళ్లోంచి దించి పెట్టేవాడు. కడియంలో లేచి తలుపు దగ్గరికి వెళ్లేవాడు. చొక్కా కుడిచెయ్యి ఖాళీగా వేలాడే మనిషి ఎవరైనా కనిపిస్తాడేమోనని ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసేవాడు. కనిపిస్తే బహుశా లోపలికి పారిపోయేవాడు. అయినా చూసేవాడు. బండి కదిలేది. వాడి గొంతు వినాలని, వాడిచేత ఒక్కసారి కడుపారా తిట్టించుకోవాలని ఎంత కొట్టుకుపోయాడో చెప్పలేం. పోయిన మనిషి కోసమైతే ఏడ్చి ఊరుకుంటాం. బతికున్నవాడు గంట ప్రయాణం దూరంలో ఉంటే ఏం చేస్తాం? అలా పది నెలలు కడియం దాటి వెళ్లాడు, వచ్చాడు.

చివరి పరీక్షలకు ముందు శ్రీసుధ గారు ఒక పని పెట్టారు. ఒక్కొక్కరూ తమకు స్వయంగా తెలిసిన ప్రమాదం ఒకటి తీసుకుని రాయాలి. దెబ్బ తగిలిన మనిషినే అడిగి రాయాలి, కాగితం మీద ఆ మనిషి సంతకం ఉండాలి. "ప్రమాదం జరిగాక అందరూ అందర్నీ అడుగుతారండి. పడ్డవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు" అన్నారు ఆవిడ.

సత్తిబాబుకు వేరే ప్రమాదాలు తెలియక కాదు. మిల్లులో వేలు నలిగినవాళ్లున్నారు, బాయిలర్ దగ్గర కాలు కాలినవాళ్లున్నారు. వాళ్లలో ఎవరి దగ్గరికి వెళ్దామా అని రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు భోజనం దగ్గర భార్య సూర్యకళతో, "సామ్యేలు దగ్గరికి వెళ్తాను" అన్నాడు.

"ఇన్నాళ్లకా? ఏ మొహం పెట్టుకుని వెళ్తారండి?"

"ఉన్నది ఈ మొహమొక్కటే కదే."

ఆమె పెరుగు వడ్డించింది. "వెళ్తే ఉత్త చేతుల్తో వెళ్లకండి" అంది. అని, నాలిక కరుచుకుంది.

ఆ శనివారం కడియంలో దిగాడు. ఆటో ఎక్కి నర్సరీల మధ్య అడుగుతూ అడుగుతూ వెళ్తే దొరికింది. సామ్యేలు లారీ పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. అట్టను మోచేతి మొండికీ పొట్టకీ మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తి చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"రండి సత్యనారాయణ గారూ. ఒరే, సారుకి కుర్చీ వెయ్యండి."

గోదావరి జిల్లాల మర్యాద గురించి మనమంతా గొప్పగా చెప్పుకుంటాం. ఆ మర్యాదతోనే మనిషిని గుమ్మం అవతల నిలబెట్టవచ్చని ఇలాంటప్పుడే తెలుస్తుంది. చెంప మీద రెండిచ్చినా సత్తిబాబు అంత బాధపడేవాడు కాదు.

లారీ నిండే దాకా, గంటన్నర సేపు, సామ్యేలు మళ్లీ ఇటు చూడలేదు. మజ్జిగ మాత్రం పంపించాడు. లారీ వెళ్లాక వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సత్తిబాబు వచ్చిన పని చెప్పి, తన వంతు ముందే రాసి తెచ్చిన కాగితాలు ఇచ్చాడు. అందులో దాచిందేమీ లేదు. హెచ్చరించిన మనిషి నోరు తనే మూయించాడనీ, చూడకుండా స్విచ్ తనే వేశాడనీ, నిర్లక్ష్యమన్న అబద్ధానికి తనే సంతకం పెట్టాడనీ రాశాడు. సామ్యేలు వేలు పెట్టుకుని ఒక్కొక్క లైనూ చదివాడు.

"ఇది మీ మేడం గారికి ఇస్తారా?"

"ఇస్తాను. క్లాసులో అందరి ముందూ చదవాలి కూడా."

"మిల్లులో తెలిస్తే?"

"తెలియనీ."

సామ్యేలు కాగితాలు ఒళ్లో పెట్టుకుని, మొక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు. "పందొమ్మిది రోజులున్నాన్రా ఆస్పత్రిలో. తలుపు చప్పుడైతే చాలు, నువ్వేననుకునేవాణ్ణి. మా ఆవిడ నేను చెయ్యి కోసం ఏడుస్తున్నాననుకుంది."

సత్తిబాబు తలెత్తలేకపోయాడు. "తప్పయిపోయిందిరా" అన్నాడు. ఎనిమిదేళ్లు మోసిన మాట, బయటికి వచ్చాక ఇంతేనా అన్నట్టు ఉంది.

సామ్యేలు గొంతు సర్దుకున్నాడు. "ఇంకా ఏం రాయాలండి?" అన్నాడు. దొరికిన "నువ్వు" అప్పుడే చేజారిపోయింది.

"ప్రమాదానికి కారణం రాయాలి. రాశాను, చూడు. స్విచ్‌కి తాళం వేసే పద్ధతి లేకపోవడం అని."

"అది మీ పుస్తకంలో కారణం. అసలుది వేరే ఉందండి."

"చెప్పు."

"మిషన్లో చెయ్యి పెట్టేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. పాత మేస్త్రీ నేర్పిన పద్ధతి. ఎవడు స్విచ్ వేసినా మోటారు తిరగదు. ఆ రోజూ పీకుదామనే ఆ మాటడిగాను. మీరు నోర్మూసుకుని దిగమన్నారు. ఇంకెవడైనా అంటే వినేవాణ్ణి కాదు. స్విచ్ దగ్గర ఉన్నది సత్తిగాడే కదా అని దిగాను. అది రాయండి."

సత్తిబాబు ఇన్నాళ్లూ తను ఒక చేతిని పోగొట్టానని కుమిలాడు. తనను అంతగా నమ్మిన మనిషిని పోగొట్టుకున్నానని ఇప్పుడు తెలిసింది. కళ్లు మసకబారాయి.

"రాయండి" అన్నాడు సామ్యేలు మళ్లీ. రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. సామ్యేలు ఎడమచేత్తో సంతకం పెట్టి, తనే ఆటో పిలిచి ఎక్కించాడు. "మళ్లీ రావచ్చా?" అని అడిగితే, "మీ ఇష్టమండి, ఇది మీ దారే కదా" అన్నాడు. రమ్మన్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు.

క్లాసులో చదివిన రోజు ఎవరూ నవ్వలేదు. కబురు మిల్లుకు చేరడానికి వారం పట్టింది, మిల్లులో ఉద్యోగం పోవడానికి అంత కూడా పట్టలేదు. డిప్లొమా చేతికి వచ్చిన రెండు నెలలకు కాకినాడ దగ్గర ఒక నూనెల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా తీసుకున్నారు. సామ్యేలుకు ఫోను చేసి చెప్పాడు. "సంతోషమండి" అన్నాడు సామ్యేలు. ఈలోగా సత్తిబాబు మూడుసార్లు కడియం వెళ్లి వచ్చాడు. మూడుసార్లూ మజ్జిగ ఇచ్చారు. మూడుసార్లూ సామ్యేలు "సత్యనారాయణ గారూ" అనే పిలిచాడు.

కొత్త ఫ్యాక్టరీలో మొదటిసారి మిషను ఆపి రిపేరుకు దిగే రోజు, సత్తిబాబు ఫిట్టర్లకు తలొక ఎర్ర తాళం ఇచ్చాడు. ఒక్కో తాళానికి ఒక్కటే తాళంచెవి. ఎవరి తాళం వాళ్లే స్విచ్‌కి వేసి, ఆ చెవి తమ దగ్గరే ఉంచుకుని దిగాలి. అందరిలోకీ పెద్దవాడు బుల్లియ్య, రేపోమాపో రిటైరయ్యే మనిషి. తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఇయ్యన్నీ ఎందుకండీ బాబూ? స్విచ్ కాడ మీరే ఉంటారు కదా. మిమ్మల్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతామండి?"

సత్తిబాబు కడియం నుంచి వచ్చిన రోజు మొదలు ఈ మాట కోసమే అలమటించాడు. సామ్యేలు నోట మళ్లీ వినాలనుకున్నాడు. ఇన్నాళ్లకు అన్నది నిన్నగాక మొన్న పరిచయమైన ఈ పెద్దాయన. ఆ మాటను రెండు చేతులా అందుకుని దాచుకోవాలనిపించింది.

"నన్ను నమ్మకండి బుల్లియ్య గారూ" అన్నాడు. "తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని అప్పుడు దిగండి."

బుల్లియ్య నవ్వు ఆగిపోయింది. నొచ్చుకున్నట్టు ఒక చూపు చూసి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. సత్తిబాబు ఆ తాళాన్ని ఒకసారి లాగి చూసి పక్కకు తప్పుకున్నాడు.