తడిగుడ్డ కింది జ్వరం

మా అక్క బిడ్డకు అప్పటికి నెల కూడా నిండలేదు. తెల్లవారితే తొట్టెల. ధూళిమిట్ట నుంచి అక్క అత్తగారి తరఫువాళ్లు వచ్చి పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. అంతవరకు పాపను గడప దాటించకూడదన్నది మా ఇంటి పద్ధతి. బాపు షామియానా వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అమ్మ వంటింట్లో ఉంది. నేను ముందు గదిలో కూర్చుని తొట్టెలకు కట్టే కాగితం పువ్వులు దారానికి గుచ్చుతున్నాను. ఇలాంటి పనులు నాకే వస్తాయి. వచ్చినవాళ్లతో మాట్లాడే పని ఉండదు కాబట్టి నేనూ ఇష్టంగానే చేస్తాను.

పాపకు నీళ్లు పోసే అవ్వ పొద్దున్నే వచ్చి వెళ్లింది. ఒంటికి నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆవిర్లు వచ్చే నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పాత చీర ముక్కలో గట్టిగా చుట్టి అక్క పక్కన పెట్టింది. రోజూ ఆ స్నానం తర్వాత పాప ఒళ్లు తెలియకుండా పడుకుంటుంది. లేవగానే పాల కోసం వాడకట్టంతా వినిపించేలా ఏడుస్తుంది. ఆ రోజు మధ్యాహ్నమైనా ఏడుపు వినిపించలేదు.

"చెల్లే, ఒక్కసారి ఇటు రా." లోపలి గదిలోంచి అక్క పిలిచింది. "దీని కడుపు మీద చెయ్యి పెట్టి చూడు."

చీర ముక్క కొద్దిగా వదులు చేసి చెయ్యి పెట్టాను. ఇస్త్రీ చేసి అప్పుడే మడత పెట్టిన బట్టల మధ్య చెయ్యి దూరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పాలు తాగిందా?"

"నోట్ల వెట్టుకుంటది, రెండు గుక్కలు తాగి ఇడిసిపెడతది. పొద్దటి సంది గిట్లనే."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పాప మెడ కింద వేళ్లు పెట్టి చూసింది. "నీళ్లు పోసినంక పిల్ల ఎచ్చగనే ఉంటది. పొగ వట్టిన్రు, మూట లెక్క కట్టిన్రు. ఎచ్చగుండక సల్లగుంటదా?" అంది. అన్నదే కానీ ఒక చిన్న గుడ్డను కుండ నీళ్లలో తడిపి, పిండి, పాప నుదుటి మీద వేసింది. ఆరినప్పుడల్లా మళ్లీ తడిపి వేసింది. జ్వరం లేదని నోటితో అంటూనే చేత్తో జ్వరానికి చేసే పని చేస్తోంది. నాకు భయం అక్కడ మొదలైంది.

పక్కింట్లోనే ఉండే పెద్దమ్మ కబురు తెలిసి గన్ను పట్టుకుని వచ్చింది. గన్నంటే నుదుటికి ఎదురుగా పెట్టి నొక్కే థర్మామీటర్. కరోనా కాలంలో పెద్దనాయిన ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర పని చేసినప్పుడు వచ్చిన వారందరి నుదుళ్లకూ దాన్నే గురిపెట్టేవాడు. ఆ పని పోయినా అది ఇంట్లో ఉండిపోయింది.

పెద్దమ్మ పాప నుదుటి మీది తడిగుడ్డ తీసి, కొంగుతో ఒక్కసారి ఒత్తి, గన్ను నొక్కింది. కూత వినిపించింది. 97.1.

"ఏదే జెరం? ఏడున్నది?" గన్నును తన నుదుటికి తిప్పుకుని నొక్కింది. 98.2. "సూడు, పిల్లకంటె నాకే ఎక్కువున్నది. నన్ను తీస్కపోండ్రి దవాఖానకు!"

అమ్మ నవ్వింది. పొద్దుటి నుంచి ఆమె మొహంలో బిగుసుకున్నదేదో ఆ నవ్వుతో వదులైంది. అక్క నవ్వలేదు.

"దవాఖానకెల్లి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పింది" అంది అక్క. "ఇంత చిన్న పిల్లకు నూరు దాటి నాలుగు పాయింట్లు వస్తె ఇంట్ల ఏ మందు పొయ్యొద్దట. ఎంటనే ఎత్తుకొని రమ్మన్నది."

"వచ్చిందా మరి? తొంభై ఏడు వచ్చింది. ఊకె మనసుల వెట్టుకోకు" అంది పెద్దమ్మ.

నేను పాప నుదుటినే చూస్తున్నాను. కనుబొమ్మల పైన చర్మం ఇంకా తడిగా మెరుస్తోంది. గన్ను చూసింది పాప ఒంటిని కాదు, ఇంతసేపూ గుడ్డ చల్లబరిచిన ఆ చోటును. ఒళ్లంతా వేడిగా ఉంటే స్నానం వల్ల అంటున్నాం. నుదురు చల్లగా ఉంటే జ్వరం లేదంటున్నాం. ఈ రెండు మాటల మధ్య పాప పాలు మానేసి పడుకుని ఉంది.

ఇది నాకు మనసులో స్పష్టంగా ఉంది. నోటి దాకా రావడమే కష్టం. నేను మాటలు కాగితం మీద పెట్టుకునే మనిషిని. రాత్రి డైరీలో అయితే పేజీ నింపేదాన్ని.

"తడిగుడ్డ ఇప్పుడే తీసినం గద పెద్దమ్మా" అన్నాను.

"ఏందే? గట్టిగ చెప్పు. గొంతుల ఏమన్న అడ్డం వడ్డదా?"

"నుదురు తడిగున్నది. అందుకే తక్కువ వచ్చింది కావచ్చు."

"తుడిసిన గద!" అంటూ మళ్లీ నొక్కింది. 98.6. ఇంకోసారి నొక్కింది. 96.8. మెడ దగ్గర పెడితే 99.9. ముగ్గురూ నా వైపు చూశారు, ఆ అంకెలన్నీ నేనే పుట్టించినట్టు.

"దవాఖానకు పోదం అమ్మా" అంది అక్క.

అమ్మ ఒప్పుకోలేదు. "తొట్టెల గాకముందే పసిగుడ్డును గడప దాటిస్తమా? ఆడ అన్ని రోగాలోల్లే ఉంటరు. లేని జెరం ఆడ అంటుకుంటది. రేపు మీ అత్తకు నేనేం చెప్పాలె?" తర్వాత నాతో అంది: "బిడ్డా, నువ్వు పోయి థర్మామీటర్ కొనుక్కరా. గాజుదే తే. గాజుదాంట్ల జెరం ఉన్నదంటె నేనే ఎత్తుకొని ఉరుకుత. లేకుంటె ఎవ్వరు మాట్లాడొద్దు."

అంటే పాప ఇంట్లో ఉండాలా, దవాఖానకు పోవాలా అన్నది నేను తేబోయే వస్తువు చెప్పాలి. స్కూటీ తీసి పాత బస్టాండు దిక్కు పోయాను.

మందుల షాపు ముందు జనం ఉన్నారు. నేను రెండుసార్లు "థర్మామీటర్" అన్నాను. రెండుసార్లూ నా భుజం మీదుగా ఎవరిదో చీటీ వెళ్లిపోయింది. మామూలు రోజైతే వాళ్లందరూ పోయేదాకా నిలబడేదాన్ని. అప్పుడే ఫోన్ మోగింది. అక్క. "పాలు అసలే వడ్తలేదు చెల్లే. లేపినా కండ్లు తెరుస్తలేదు. జల్ది రా."

అద్దాల బల్ల మీద అరచెయ్యి గట్టిగా కొట్టాను. "పసిపాపకు థర్మామీటర్ కావాలె! నెల లోపు పాపకు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముందున్న పెద్దమనిషి పక్కకు జరిగాడు.

షాపాయన గన్ను తీసి ముందు పెట్టాడు. "గిది తీస్కపో అమ్మా. అందరు గిదే తీస్కపోతున్నరు. పిల్ల నిద్ర లేవది, ఏడ్వది."

"ఇంట్ల ఉన్నది. నొక్కినప్పుడల్లా ఒక్కో తీరు చెప్తున్నది. వేరేవి చూపెట్టండి."

అడుగు అరలోంచి ఒక గాజుది తీశాడు. "ఇవి ఇప్పుడు వస్తలేవు. గిదొక్కటే మిగిలింది." దాని పక్కన పెన్నుల్లాంటి రెండు డిజిటల్ థర్మామీటర్లు పెట్టాడు. ఒకదాని కొస గట్టిగా ఉంది, ఒకదానిది రబ్బరులా వంగుతోంది.

అమ్మ తెమ్మన్నది ముందరే ఉంది. దాన్ని చూడగానే చిన్నప్పుడు మా ఇంట్లో పగిలిన గాజు థర్మామీటర్ గుర్తొచ్చింది. అక్కకు జ్వరం వస్తే అమ్మ దాన్ని కిందికి దులుపుతూ మంచం పట్టెకు కొట్టింది. గాజు ముక్కలైంది. వెండి గుండ్లలాంటి పాదరసం బండల మీద పరుగులు పెట్టింది. అది ముట్టకూడనిదని మాకెవరికీ తెలియదు. అమ్మ వాటిని వేలితో ఒక్కచోటికి తోసి కాగితం మీదికి ఎత్తింది. దాన్ని మళ్లీ ఇంట్లోకి, అదీ పసిపిల్ల పక్కకు తేవడానికి మనసొప్పలేదు. పైగా దాన్ని చాలాసేపు కదలకుండా పట్టుకోవాలి. గట్టి కొస పెన్ను అంత చిన్న చంకలో గుచ్చుకుంటుంది. మెత్తటి కొస ఉన్నదాన్ని డబ్బాలోంచి తీసి, మడతపెట్టి ఉన్న కాగితం విప్పాను. చీమల్లాంటి అక్షరాలు. ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు, స్నానం చేయించాక ఎంత ఆగాలి.

"ఏం సదువుతున్నవమ్మా? రేపు పరీక్షనా?" అన్నాడు షాపాయన. వెనక ఎవరో నవ్వారు. "లైనున్నది సూడు."

చెవులు వేడెక్కాయి. అయినా కాగితం చివరిదాకా చదివాను. పెన్ను ఆన్ చేసి కొసను గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. అది మోగేదాకా షాపాయనా, లైనూ నా పిడికిలినే చూస్తూ నిలబడ్డారు. మోగింది. అంకె కనిపించింది.

"పని చేస్తున్నదా అమ్మా? ఇగ నడువు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. నా చేతిలోది చూసి, "గాజుది తెమ్మంటి గద! గిదేంది, పిల్లలు ఊదే పీక లెక్కున్నది" అంది.

"గిదే మంచిదమ్మా" అన్నాను. ఎందుకు మంచిదో చెప్పే ఓపిక లేదు.

కాగితంలో చదివినట్టే చేశాను. తడిగుడ్డ తీయించాను. చీర ముక్క విప్పి, పాపను ఒక్క పొర బట్టలో ఉంచి కాసేపు ఆగమన్నాను. ఫ్యాను ఆపాను. "మూట ఎచ్చన పోనియ్యాలె" అంటే పెద్దమ్మ మూతి విరిచింది కానీ అడ్డు రాలేదు. పాప ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికీ బయటికీ కదులుతున్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

చంక తుడిచి పెన్ను పెట్టాను. మోగింది. 98.9.

"నేను చెప్పలె?" అంది పెద్దమ్మ. అమ్మ పెద్దగా ఊపిరి వదిలి గడప మీద కూలబడింది.

నేను పెన్ను తీయబోతూ చూశాను. మెత్తటి కొస చంక దాటి వెనక్కి పొడుచుకొచ్చి బట్టకు తగులుతోంది. అది చూసింది బట్ట వేడి. అక్కడితో వదిలేస్తే అందరికీ సుఖం. రేపు తొట్టెల జరుగుతుంది. నేను మళ్లీ పువ్వులు గుచ్చుకోవచ్చు.

"సరిగ్గ పెట్టలేదు. మల్ల పెట్టాలె" అన్నాను.

"దానికి జెరం వస్తె గాని నీకు నిద్ర పట్టదా ఏందే?" అంది పెద్దమ్మ.

కొస చంక గుంటలో, చర్మానికి చర్మం ఆనేలా పెట్టి, పాప చెయ్యిని పక్కకు అదిమి పట్టుకున్నాను. ఆ అరచెయ్యి నా చూపుడు వేలంత లేదు. అంకెలు ఎక్కడం చూస్తున్నాను. తొంభై ఎనిమిది దాటాయి. తొంభై తొమ్మిది దాటాయి. నూరు దగ్గర ఆగుతాయేమో అనుకున్నాను. ఆగలేదు. మోగేసరికి 101.3.

పెన్నును అమ్మకు చూపించాను. అమ్మకు ఇంగ్లిషు చదవడం రాదు కానీ అంకెలు వస్తాయి. చాలాసేపు చూసింది.

"ఇంకో చంకల పెట్టు" అంది మెల్లగా.

పెట్టాను. 101.2.

అమ్మ లేచింది. పాపను గుండెకు ఆనించుకుని, చెప్పులు వేసుకోకుండానే గడప దాటింది. పెద్దమ్మ ఒక్క క్షణం గన్ను పట్టుకుని అలాగే నిలబడి, తర్వాత దాన్ని మంచం మీద పడేసి, "నడువుండ్రి, నడువుండ్రి, తాళం నేనేస్త. ఆటో నేను పిలుస్త" అంటూ మాకంటే ముందే సందు చివరికి పరుగెత్తింది.

పిల్లల వార్డులో డాక్టరమ్మ పాపను చూస్తూ అడిగింది. "జ్వరం ఎంతుండె? దేంతోని చూసిన్రు? ఎక్కడ పెట్టి చూసిన్రు?"

అక్క ఏడుస్తోంది. అమ్మ అక్కను పట్టుకుని నిలబడింది. నేనే చెప్పాను, అన్నీ, వరసగా. తడిగుడ్డ గురించి, గన్ను గురించి, రెండు చంకల గురించి, పొద్దుటి నుంచి పాలు మానేసిన సంగతి. మధ్యలో ఆగి నేల చూడలేదు. ఆమె ఒక్క మాటే అంది: "ఈ వయసుల జ్వరమొస్తె ఇంట్ల ఉంచొద్దు. మంచిగ తెచ్చిన్రు." ఆ వెంటనే రక్తం తీశారు. పాప మణికట్టుకు సూది గుచ్చుతుంటే మమ్మల్ని బయటికి పంపారు. పొద్దుటి నుంచి వినిపించని ఏడుపు తలుపు అవతల అప్పుడు వినిపించింది. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏడుస్తున్నది చెల్లే, ఏడుస్తున్నది" అంది, అదేదో శుభవార్తలాగా. అది శుభవార్తే.

రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందన్నారు. సూదిమందు మొదలుపెట్టారు. మర్నాడు తొట్టెల జరగలేదు. ధూళిమిట్ట నుంచి వచ్చినవాళ్లు కొత్త బట్టల సంచులతో నేరుగా వార్డు బయటికి వచ్చారు. ఏమంటుందోనని అమ్మ భయపడ్డ అక్క అత్తగారు ఎవరినీ తప్పుపట్టలేదు. అద్దంలోంచి పాపను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్వరం దిగడానికి తొందరపడలేదు. దిగినట్టే దిగి మళ్లీ ఎక్కేది. అక్కడ నర్సులే చూసి రాసుకునేవాళ్లు. నా పెన్ను సంచిలోనే ఉండేది, నేను ఊరికే తడిమి చూసుకునేదాన్ని.

పాప ఇంటికి వచ్చాక, కాగితం పువ్వుల రంగు కొంచెం వెలిసిపోయాక, తొట్టెల జరిగింది. చుట్టాలందరూ గదిలో ఇరుక్కుని నిలబడ్డారు. అక్క పాపను తొట్టెలలో వేయడానికి వంగింది.

"ఆగు" అంది అమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు. అమ్మ పాపను తన చేతుల్లోకి తీసుకుంది. కొత్త చొక్కా కొద్దిగా పైకి జరిపి, కొంగు కొసతో చంక తుడిచి, ఆ చిన్న చెయ్యి ఎత్తి పట్టుకుని, జనంలో ఎక్కడో వెనక నిలబడ్డ నన్ను వెతికింది.

"ఏది బిడ్డా, రా. ఒక్కపారి పెట్టు."

పెన్ను పట్టుకుని అంతమంది మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్లాను. కొస సరిగ్గా ఆనిందో లేదో వంగి చూశాను. అమ్మ పాప చెయ్యిని అదిమి పట్టుకుంది. అది మోగేదాకా ఎవరూ జోలపాట ఎత్తుకోలేదు.