చందాపుర దాకా రోడ్డు

2023లో నేను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక చిన్న గేమ్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ చూసేదాన్ని. ఉన్నదే ఏడుగురం. బెంగళూరు రోడ్ల మీద సిటీ బస్సు నడిపే కంప్యూటర్ గేమ్ ఒకటి తయారుచేస్తూ, ఎర్లీ యాక్సెస్‌లో అమ్మేవాళ్ళం. అంటే గేమ్ పూర్తికాకముందే జనం డబ్బు కట్టి కొనుక్కుంటారు, అది తయారవుతుండగానే ఆడుకుంటారు.

మా గేమ్‌లో రోడ్డు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర తెగిపోయేది. అది దాటితే బస్సు తెల్లటి ఖాళీలోకి జారిపోయేది. నారాయణప్ప అనే ఆయన దాని గురించే వారం వారం టికెట్ పెట్టేవారు. ఫిర్యాదును మేం టికెట్ అంటాం. దాని అవతలున్న చందాపుర దాకా రోడ్డు ఎప్పుడొస్తుందని ఆయన ప్రశ్న. 'త్వరలో' అని నా జవాబు.

కొన్ని నెలలకు అమ్మకాలు పడిపోయాయి. గేమ్ ఆపేస్తున్నామని మా బాస్ చెప్పారు. అందరికీ ఒకే మెయిల్ పంపాను. నారాయణప్ప గారికి మాత్రం ఫోన్ చేయాలనిపించింది.

"డబ్బు వాపసు ఇస్తాం సార్."

"డబ్బు ఎవరికి కావాలమ్మా? ఇరవై రెండేండ్లు ఆ రూట్లోనే బస్సు నడిపినా. పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది, స్టీరింగ్ పట్టేకి లేదు. మా పాప లత ఈ గేమ్ ఎక్కించి ఇచ్చింది. ఎడమచేత్తో నడుపుతా ఉండా. చందాపుర మా ఊరు. ఇంగ నా బస్సు ఇంటికి రాదా?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్క సీట్లో ఉన్న ప్రోగ్రామర్ కిరణ్ అంతా విన్నాడు. ఫోన్ తీసుకుని, "ఎలక్ట్రానిక్ సిటీ దాటినాక ఏముంటుంది సార్, చెప్పండి" అన్నాడు. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, స్టాపులు అన్నీ ఆయన వరసగా చెప్పుకొచ్చారు. మూడు రోజులు కూర్చుని కిరణ్ రోడ్డు వేశాడు. అంగళ్ళు లేవు, చెట్లు లేవు; తారు రోడ్డూ స్టాపులూ, అంతే. అదే మా చివరి అప్‌డేట్.

ఆ ఆదివారం మేమిద్దరం చందాపుర వెళ్ళాం. నారాయణప్ప గారు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. లత కాఫీ తెచ్చింది, ఆయన ముట్టలేదు. ఒంటిచేత్తో బస్సును మెల్లగా చివరి స్టాపుకు చేర్చి, తలుపులు తెరిచారు. అంతా అయిపోయినా కీబోర్డు మీంచి చెయ్యి తీయలేదు.

"ఇంకేమైనా ఉందా సార్?" అన్నాడు కిరణ్.

"ఉండప్పా. దిగేవాళ్ళు దిగాల గదా."

ఆ స్టాపులో మేం మనుషుల్ని పెట్టలేదు. ఆయన చెయ్యి తీసేదాకా మేమిద్దరం కూడా ఆగాం.

ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. ఎప్పుడవుతుందని ఎవరైనా అడిగితే, తెలియకపోతే తెలియదనే రాస్తాను. దానికంటే ముందు, మీకెందుకు కావాలని అడుగుతాను. నారాయణప్ప గారికి ఆ రోడ్డు ఎందుకు కావాలో తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అప్పుడు కూడా నేను అడగలేదు, ఆయనే చెప్పారు.