కిరీటం లోపలి మరక

మా ఆయన మత్తయి చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసేవారు. సినిమా రాజులకు కిరీటాలు చేసిచ్చేవారు. ఆయన పోయిన ఏడాదే, తొంభై ఆరు తుఫాను బాధితుల సాయానికని గుడివాడ సినిమాహాల్లో ఓ హీరో వాడిన వస్తువుల్ని అభిమానులు వేలం వేశారు. మా ఆయన చేసిన కిరీటం కూడా ఉందంటే వెళ్లాను.

అభిమాన సంఘం ప్రెసిడెంటు కిరీటాన్ని తిరగేసి, లోపల నేను కుట్టిన ఎర్రగుడ్డ మీది మరక చూపించాడు.

"హీరోగారి చెమటండీ. ఉతకను కూడా లేదు."

వేలంపాట పైపైకి పోతోంది. నాకేమో అంతా అయోమయంగా ఉంది. పంపేముందు ప్రతి కిరీటాన్నీ మా ఆయన ఓ పూటంతా నెత్తిన పెట్టుకుని ఇంట్లో తిరిగేవారు. "రాజుగారూ, బియ్యం తెస్తారా?" అని నేను ఏడిపిస్తే, "ఎక్కడ గుచ్చుకుంటుందో నా తల చెప్పాలి కదే" అనేవారు.

ఆయన చొక్కాలన్నీ ఉతికి ఎవరెవరికో ఇచ్చేశాను. ఇంట్లో ఎక్కడా ఆయన వాసన మిగల్లేదు.

"ఒక్కసారి ఇస్తారా బాబూ?" అన్నాను.

"మీరూ అభిమానేనా పిన్నిగారూ?" అని నవ్వి అందించాడు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పౌడరు వాసన వచ్చింది. దాని వెనక ఇంకేదో ఉంది. అది ఆయనదో కాదో తేల్చుకోలేకపోయాను.

"పిన్నిగారూ, పాడేవాళ్లు చూస్తున్నారండీ."

"ఇంకొక్కసారి చూడనివ్వు నాయనా" అన్నాను.